రాత్రి రెండింటికి బెల్లు నొక్కితే ఎవరొస్తారు?

పెద్దవాళ్ల కోసం కట్టిన ఇళ్ల ప్రకటనలు హైదరాబాద్ చుట్టుపక్కల ఈమధ్య చాలా కనిపిస్తున్నాయి. బ్రోషర్ నిండా పచ్చిక, నడక దారి, గుడి, యోగా హాలు, చెరో కప్పు కాఫీతో కూర్చున్న భార్యాభర్తలు. ఆ బొమ్మల్లో వాకర్ పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపించరు. కమోడ్ పక్కన గోడకు బిగించిన కడ్డీ కనిపించదు. కానీ ఎక్కువ కుటుంబాలు ఇలాంటి చోటు కోసం వెతకడం మొదలుపెట్టేది సరిగ్గా ఆ రెండూ అవసరమైన రోజునే. నాన్న బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగాకో, అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మూడోసారి మర్చిపోయాకో ఆ వెతుకులాట మొదలవుతుంది. అప్పటికి ఆసుపత్రివాళ్లు డిశ్చార్జ్ తేదీ చెప్పేసి ఉంటారు. అమెరికా నుంచో బెంగళూరు నుంచో వచ్చిన పిల్లలకు సెలవు ఇంకో వారమే మిగిలి ఉంటుంది. ఆ వారంలో ఫోన్లో నాలుగు పేర్లు చూసి, ఒక పెద్ద ప్రాణం ఇకమీదట ఎక్కడ ఉండాలో తేల్చేస్తారు.

ఆ తొందరలో మొదట పొరపాటు జరిగేది పేర్ల దగ్గరే. సీనియర్ లివింగ్, రిటైర్మెంట్ హోం, అసిస్టెడ్ లివింగ్, కేర్ హోం, ఓల్డ్ ఏజ్ హోం. మన దగ్గర ఈ మాటలన్నిటినీ ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తున్నారు. నిజానికి సీనియర్ లివింగ్ అంటే తన పనులు తాను చేసుకోగలిగిన పెద్దవాళ్ల అపార్ట్‌మెంటు. భోజనం, శుభ్రం, సెక్యూరిటీ, డాక్టర్ పిలుపు దూరంలో ఉండటం దాని సౌకర్యాలు. అసిస్టెడ్ లివింగ్ దాని తర్వాతి మెట్టు. ఇక్కడ గదీ తలుపూ మనిషి సొంతమే, కానీ స్నానం చేయించడం, బట్టలు వేయడం, మాత్రలు వేళకు మింగించడం, రాత్రి టాయిలెట్‌కి తీసుకెళ్లడం లాంటి ఒంటి పనుల్లో రోజూ ఇంకొకరి చెయ్యి తోడుంటుంది. ఆ పైమెట్టు నర్సింగ్ కేర్. ముక్కులో గొట్టం, ఆక్సిజన్, మానని పుండ్లకు డ్రెస్సింగ్, ఇంజక్షన్లు వంటివి నర్సు చేయాల్సిన పనులు, ఆయా చేయాల్సినవి కావు.

ఇంకో తికమక కూడా ఉంది. తెలుగులో "నర్సింగ్ హోం" అంటే డాక్టరుగారు పెట్టుకున్న చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అదే మాటకు అర్థం, కోలుకునే ఆశ తక్కువైన పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు. అక్కడి వెబ్‌సైట్లు చదివి ఇక్కడ వెతికే పిల్లలు, ఇక్కడి అనుభవంతో అక్కడి మాట వినే తల్లిదండ్రులు ఒకే మాటను రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు.

ఆరు పనులు

ఒక మనిషికి ఏ మెట్టు అవసరమో తేల్చడానికి వైద్యులు వాడే కొలత చాలా సాదాసీదాగా ఉంటుంది. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ఆరు పనుల పట్టిక ఒకటి ప్రచురించారు. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఒక్కో పనికీ ఒకటే ప్రశ్న: ఇంకొకరి సాయం కావాలా, అక్కర్లేదా? ఈ పనులు చేయి జారిపోవడానికి ఒక వరస ఉందని కూడా వాళ్లు గమనించారు. చాలామందిలో మొదట పోయేది స్నానం, చివరిదాకా మిగిలేది తినడం. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో ఎనిమిది పనులు చేర్చారు. ఫోన్ చేయడం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, బయటికి ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం.

రెండో పట్టికలో మాత్రమే ఇబ్బంది ఉన్నవారికి అసిస్టెడ్ లివింగ్ చాలాసార్లు అక్కర్లేదు. వంటమనిషి, మాత్రల డబ్బా సర్దిపెట్టే ఒకరు, నెలకోసారి బ్యాంకు పని చూసే మేనల్లుడు ఉంటే సొంత ఇంట్లోనే రోజులు వెళ్లిపోతాయి. మొదటి పట్టికలో రెండు మూడు పనులు చేయి దాటినప్పుడే ఈ మెట్టు గురించి ఆలోచించాలి. భారత ప్రభుత్వం 2017-18లో పెద్దవయసువారి బతుకు, ఆరోగ్యం మీద చేయించిన లాసీ సర్వేలో, 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు నాలుగో వంతు మందికి మొదటి పట్టికలో కనీసం ఒక్క పనిలో ఇబ్బంది ఉందని, దాదాపు సగం మందికి రెండో పట్టికలో ఏదో ఒక ఇబ్బంది ఉందని తేలింది.

కాట్జ్ పట్టిక మన ఇళ్లకు యథాతథంగా అతకదు. షవర్ కింద నిలబడటం వేరు, పీట మీద కూర్చుని బకెట్లోంచి చెంబుతో పోసుకోవడం వేరు. పీట మీంచి లేవలేని మనిషి ఎత్తు కుర్చీ వేస్తే తన స్నానం తనే చేసుకోవచ్చు. నేల మీద కూర్చుని భోంచేసే అలవాటున్నవాళ్లకు మోకాళ్లు పోవడం అంటే పంక్తిలో కూర్చునే చోటు పోవడం. బట్టల సంగతి ఇంకా సున్నితం. ఎనభై ఏళ్లు చీర కట్టిన మనిషికి చెయ్యి వణికి కుచ్చిళ్లు పెట్టుకోవడం రాకపోతే, చీర కట్టించడానికి ఆయాకి పది నిమిషాలు పడుతుంది. నైటీ తొడగడానికి ఒక్క నిమిషం చాలు. అందుకే ఒక హోంలోకి అడుగుపెట్టినప్పుడు ఆడవాళ్లందరూ పగటిపూట నైటీల్లోనే కనిపిస్తే, అక్కడ మనుషులు సరిపోవడం లేదేమోనని అనుమానించాలి. ఆ పది నిమిషాలు ఎవరికి దొరుకుతున్నాయన్నదే ఆ చోటు నాణ్యత.

తలుపుకు తాళం

అసిస్టెడ్ లివింగ్ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో. కెరెన్ బ్రౌన్ విల్సన్ అనే ఆమె తల్లికి యాభైల వయసులోనే పక్షవాతం వచ్చి, అప్పటికి ఉన్న ఒకే ఒక్క దారి నర్సింగ్ హోం కావడంతో ఏళ్లపాటు అక్కడే ఉండాల్సి వచ్చింది. ఎప్పుడు నిద్ర లేవాలి, ఏం తినాలి, గదిలో ఎవరితో ఉండాలి, అన్నీ ఇంకొకరు నిర్ణయించేవారు. వృద్ధుల సంక్షేమం మీద చదువుకున్న కూతురు, తల్లికి కావాల్సింది ఏమిటని ఆలోచించి 1983లో పోర్ట్‌లాండ్‌లో పార్క్ ప్లేస్ అనే నివాసం తెరిచారు. అందులో 112 ఇళ్లు. ప్రతి ఇంటికీ లోపలి నుంచి తాళం వేసుకోగలిగే తలుపు, చిన్న వంటగది, సొంత సామాను. నర్సింగ్ హోంలో ఉండాల్సినంత సాయం అవసరమైనవాళ్లే చాలామంది అందులో చేరారు. ఇదంతా ప్రమాదమని విమర్శలొచ్చాయి. పొయ్యి అంటించుకుంటే? తలుపు బిగించుకుని లోపల పడిపోతే? ప్రయోగాన్ని జాగ్రత్తగా గమనించిన ఒరెగాన్ ప్రభుత్వం, ఆ నివాసుల ఆరోగ్యం దెబ్బతినలేదనీ తృప్తి పెరిగిందనీ, ప్రభుత్వ సాయం మీద ఉన్నవారి విషయంలో ఖర్చు కూడా నర్సింగ్ హోం కంటే తగ్గిందనీ తేల్చింది.

ఆ తర్వాత ఈ ఆలోచన వేగంగా పాకింది. ఆలోచన కంటే పేరు ఇంకా వేగంగా పాకింది. 1990లలో కంపెనీలు పెద్ద పెట్టుబడులతో దిగి, తాళం వేసుకునే తలుపు లేకపోయినా, సాయం పెద్దగా లేకపోయినా ఆ పేరే తగిలించుకున్నాయి. 2020 నాటికి అమెరికాలో ఇలాంటి నివాసాలు సుమారు 30 వేలు, వాటిలో ఉంటున్నవారు 8 లక్షల పైచిలుకు. నర్సింగ్ హోంలకు 1987 నుంచి బలమైన కేంద్ర చట్టం ఉంది కానీ అసిస్టెడ్ లివింగ్ నియంత్రణ మాత్రం రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది. ఎన్ని మంచాలకు ఎందరు సిబ్బంది ఉండాలో అంకె చెప్పకుండా "సరిపడా" అని మాత్రమే రాసుకున్న రాష్ట్రాలు చాలా ఉన్నాయి. ఆ దేశంలో నలభై ఏళ్లుగా నడుస్తున్న గొడవంతా ఆ "సరిపడా" అన్న మాట చుట్టూనే.

చేతుల లెక్క

ఆ మాటకు అర్థం కాగితం మీద లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. ఒక మంచం పక్కన రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాలంటే వారానికి 168 గంటలు. ఒకరు వారానికి 48 గంటలు పనిచేస్తే ముగ్గురున్నర మంది కావాలి. పండగ సెలవులు, జ్వరాలు, ఊరి ప్రయాణాలు కలిపితే నలుగురు. అంటే హోంలో "మాకు పన్నెండు మంది కేర్‌టేకర్లున్నారు" అని చెబితే, ఏ క్షణాన చూసినా అక్కడ ఉండేది సగటున ముగ్గురు.

ఇప్పుడు పొద్దుటి పూట చూద్దాం. నలభై మంది ఉన్న చోట ఇరవై మందికి స్నానంలో సాయం కావాలనుకుందాం. ఒక్కొక్కరికి అరగంట వేసుకుంటే పది గంటల పని. పెద్దవాళ్లందరూ ఆరు నుంచి తొమ్మిది లోపే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని టిఫిన్‌కి కూర్చోవాలనుకుంటారు. మూడు గంటల్లో పది గంటల పని కావాలంటే స్నానాలకే నలుగురు కావాలి. వడ్డించేవాళ్లు, పక్కలు మార్చేవాళ్లు వేరే. ఉన్నది ముగ్గురే అయితే కొందరిని తెల్లవారుజామున నాలుగింటికి లేపి స్నానం చేయిస్తారు, లేదా రోజు విడిచి రోజు ఒళ్లు తుడిచి వదిలేస్తారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, చేతులు చాలకపోతే జరిగేది ఇదే.

రాత్రి లెక్క మరీ పలచన. మంచం మీద కదల్లేని మనిషిని ఒళ్లు పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మనిషి కాస్త బరువైతే ఇద్దరు పట్టాలి. రాత్రి డ్యూటీలో ఉన్నది ఇద్దరే అయితే, ఆ ఇద్దరూ ఒక గదిలో తిప్పుతున్న ఐదు నిమిషాలూ మిగతా బెల్లులకు జవాబు ఉండదు. పెద్దవాళ్లు పడిపోయేది తరచుగా ఆ ఐదు నిమిషాల్లోనే. మూత్రం ఆపుకోలేక, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని తామే లేచి, చీకట్లో గడప తట్టుకుని పడతారు.

అందుకని చేరేముందు గదుల కొలతల కంటే ముందు అడగాల్సింది ఈ అంకెలు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఎందరుంటారు, అందులో నర్సు ఉందా లేక ఫోన్‌కి అందుబాటులో ఉంటుందా, గత ఏడాదిలో ఎందరు కేర్‌టేకర్లు మానేశారు. చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే హోం ఉంటే దాని మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఆయాలు నెలనెలా మారిపోయే చోట, ఎవరికి ఎడమ చెవి వినపడదో, ఎవరికి మజ్జిగలో ఉప్పు వేయకూడదో గుర్తుపెట్టుకునేవాళ్లే మిగలరు.

ఇంట్లోనే చూసుకుంటే?

"మనది కుటుంబ వ్యవస్థ, మనవాళ్లను మనమే చూసుకుంటాం" అనే మాట మనసుల్లోంచి వచ్చే మాటే. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఇళ్లల్లో ఆ "మనం" ఎవరన్నది చూడాలి. పక్క తడిపితే దుప్పటి మార్చింది, జావ కాచి తాగించింది, రాత్రుళ్లు మేలుకున్నది ఎక్కువ ఇళ్లల్లో కోడలు, లేదా పెళ్లి కాని కూతురు, లేదా తనకే డెబ్భై దాటిన భార్య. ఆ పనికి జీతం లేదు, సెలవు లేదు, చాలాసార్లు ఒక మంచి మాట కూడా లేదు. ఇప్పుడు ఆ కోడలు పొద్దున్నే ఆఫీసుకు వెళుతోంది. ఇంటికి పిల్లలూ తగ్గారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటు కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. పంచాయతీ, పురపాలక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేయడానికి వెనక ఉన్న భయం ఇదే. ముందు ముందు ముసలివాళ్లు ఎక్కువ, చూసే చేతులు తక్కువ.

ఏజెన్సీ నుంచి అటెండరును పెట్టుకుని ఇంట్లోనే ఉంచడం ఇప్పుడు పట్టణాల్లో మామూలైంది. పన్నెండేసి గంటల చొప్పున ఇద్దరు. సొంత మంచం, సొంత కిటికీ, ఇరుగుపొరుగు అలాగే ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లకు ఇదే ఇష్టం. కుటుంబంలో ఒకరు అదే ఊళ్లో ఉండి రోజూ ఒకసారి తొంగిచూడగలిగితే చాలా సందర్భాల్లో ఇదే మేలు. ఎవరూ లేకపోతే మాత్రం అటెండరు ఆ పూట రాకపోయినా, మాత్రలు తప్పినా, బీరువా తాళాలు కనపడకపోయినా చూసేవాళ్లు ఉండరు. గేటెడ్ అపార్ట్‌మెంటు తొమ్మిదో అంతస్తులో, పగలంతా టీవీ ముందు, ఒక్క అటెండరుతో గడిపే ఒంటరితనాన్ని "సొంత ఇంట్లో ఉంటున్నారు" అన్న మాట కప్పేస్తుంది. మంచి అసిస్టెడ్ లివింగ్‌లో సాయంత్రం వరండాలో పేపర్ వార్త మీద పోట్లాడుకోవడానికి ఈడు మనుషులుంటారు. ఆ పోట్లాట విలువ చాలా ఎక్కువ.

చట్టం ఎక్కడిదాకా

అసిస్టెడ్ లివింగ్ పేరుతో దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం మనకు లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. దాని 19వ సెక్షన్ ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపోయే వృద్ధాశ్రమం గురించి చెబుతుంది, కానీ అది దిక్కులేని పేదల కోసం. పింఛను వస్తూ, ఇల్లూ వాకిలీ ఉండి, ఒంటి పనులకు మాత్రం మనిషి కావాల్సిన రిటైర్డ్ టీచరు సంగతి ఆ సెక్షన్‌లో లేదు. కేర్ హోంలు రిజిస్టర్ చేసుకోవాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ కాలం ముగిసిపోయింది.

అదే 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ రిటైర్మెంట్ హోంలకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలో ఒక మంచి అంశం ఉంది. కట్టిన బిల్డరు, సేవలందించే సంస్థ, కొనుక్కున్న పెద్దవాళ్లు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలి. బిల్డరు ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోయాక, సేవల సంస్థ "మాకు గిట్టుబాటు కావడం లేదు" అని చేతులెత్తేస్తే ఎవరిని నిలదీయాలన్నది అందులో తేలుతుంది. అయితే ఇవి నమూనాలే, రాష్ట్రం స్వీకరిస్తేనే బలం. ఇళ్ల కట్టడాన్నీ అమ్మకాన్నీ నియంత్రించే సంస్థ రెరా, మహారాష్ట్రలో 2024లో సీనియర్ ఇళ్లకు నిబంధనలు పెట్టింది. మామూలు రెరా చట్టం చూసేది కట్టడాన్ని. గోడ పగిలితే ఐదేళ్లదాకా బిల్డరును అడగొచ్చు. రాత్రి బెల్లుకు ఎవరూ రాకపోవడం రెరా లెక్కలోకి రాదు.

వేధింపు, నిర్లక్ష్యం వంటి వాటికి ఫోన్ చేయడానికి 14567 ఎల్డర్ లైన్ ఉంది. దేశమంతా పనిచేసే ఈ నంబరు హైదరాబాద్‌లో 2017లో టాటా ట్రస్ట్స్, తెలంగాణ ప్రభుత్వంతో కలిసి మొదలుపెట్టిన సేవలోంచి పుట్టింది. నంబరు హోం నోటీసు బోర్డు మీద, పెద్దవాళ్లు చదవగలిగే అక్షరాల్లో ఉందో లేదో చూసుకోవడం మంచిది.

డబ్బు

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతుంది, ఎందుకంటే చూసేది మొదటి నెల బిల్లు. నెలకు 50 వేలు అనుకుని చేరిస్తే, ఏటా 8 శాతం పెరిగితే తొమ్మిదేళ్లకు అది లక్ష అవుతుంది. పింఛను అంత వేగంగా పెరగదు. పైగా సాయం పెరిగిన కొద్దీ రేటు మారుతుంది. నడవగలిగినప్పుడు ఒక రేటు, డైపర్లు మొదలైతే ఒకటి, మంచం పడితే ఇంకొకటి. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి తోడు పంపిన మనిషి ఖర్చు తరచుగా విడిగా వేస్తారు. ఒప్పందంలో ఏ స్థితికి ఎంత అనేది రాతలో ఉండాలి, ఆ స్థితి మారిందని ఎవరు తేలుస్తారో కూడా ఉండాలి.

ఆరోగ్య బీమా ఇందులో దేనికీ పనికిరాదని ముందే తెలుసుకోవాలి. బీమా ఇచ్చేది ఆసుపత్రిలో చేరినప్పుడు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా వర్తించేలా విస్తరించిన ఆయుష్మాన్ భారత్ కూడా అంతే. తుంటి ఆపరేషన్ ఖర్చు దొరుకుతుంది, ఆ తర్వాత ఆరేళ్లపాటు బాత్‌రూమ్‌కి నడిపించిన మనిషి జీతం దొరకదు. ప్రభుత్వం ఈ తేడాను గుర్తించిన దాఖలా ఒకటి ఆంధ్రప్రదేశ్ పింఛన్లలో ఉంది. మామూలు వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలైతే, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను 2,016. మంచాన పడ్డ మనిషికి కావాల్సింది వేరే లెక్క అని ఒప్పుకున్నందుకైనా ఆ 15,000 రూపాయల పింఛను పేరెత్తి చెప్పుకోదగ్గది.

మధ్యతరగతి పెద్దవాళ్ల దగ్గర ఈ ఖర్చుకు నిలిచే ఆస్తి సాధారణంగా ఒక్కటే, సొంత ఇల్లు. అద్దెకు ఇవ్వొచ్చు, అమ్మొచ్చు, 2007 నుంచి బ్యాంకుల్లో ఉన్న రివర్స్ మార్ట్‌గేజ్ కింద, అంటే ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెట్టి, నెలనెలా డబ్బు తీసుకోవచ్చు. ఆఖరిది మన దగ్గర పెద్దగా వాడుకలోకి రాలేదు, ఇల్లు పిల్లలకే చెందాలన్న భావం బలమైనది కాబట్టి. కానీ ఇక్కడో హెచ్చరిక గట్టిగా చెప్పాలి. హోంలో చేరకముందే ఇంటిని గిఫ్ట్ డీడ్ రాసిచ్చేస్తే, ఆ రోజు నుంచి నెల బిల్లు పిల్లల దయ మీద ఉంటుంది. 2007 చట్టం 23వ సెక్షన్ ప్రకారం, బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ ట్రిబ్యునల్ అంటే ఆర్డీఓ. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను పెద్దవాళ్లకు మేలు జరిగేలా చదవాలని చెప్పింది. అయినా ఎనభై ఏళ్ల వయసులో ఆర్డీఓ ఆఫీసు మెట్లెక్కే గతి పట్టకుండా ఉండటమే మేలు. రాయాలనుకుంటే వీలునామా రాస్తే చాలు, ఇల్లు చివరిదాకా వాళ్ల పేరునే ఉంటుంది.

డిపాజిట్ పద్ధతిలో చేరేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. లక్షల్లో కట్టించుకుని, వెళ్లిపోయేటప్పుడో చనిపోయాకో కొంత కోసుకుని మిగతాది తిరిగిస్తామంటారు. ఎన్ని రోజుల్లో ఇస్తారు, కొత్తవాళ్లు చేరేదాకా ఆగమంటారా, సంస్థ చేతులు మారితే కొత్త యజమాని ఆ బాకీ ఒప్పుకుంటాడా? ఇల్లు కొనుక్కునే పద్ధతిలోనైతే, వారసులు దాన్ని ఎవరికి అమ్మొచ్చు, వయసు షరతు ఏమిటి, అమ్ముడుపోయేదాకా మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి అన్నవి చూసుకోవాలి.

సంతకం పెట్టలేని రోజు

మతిమరుపు జబ్బు ఈ విషయం మొత్తాన్నీ మార్చేస్తుంది. 2023లో వెలువడిన లాసీ అనుబంధ అధ్యయనం దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. మామూలు అసిస్టెడ్ లివింగ్ వీరికి ఒక దశ దాకానే సరిపోతుంది. తర్వాత రాత్రుళ్లు తిరగడం, గేటు దాటి వెళ్లిపోవడం, అనుమానంతో ఆయాను కొట్టడం మొదలవుతాయి. అప్పుడు ఏం చేస్తారన్నది చేరిన రోజే అడగాలి. "అలాంటివాళ్లను మేము ఉంచుకోం" అనే హోంలు ఉన్నాయి. ముందే చెబితే అది నిజాయితీ. చెప్పకుండా, మనిషి ఆ చోటికి అలవాటుపడ్డాక పదిహేను రోజుల నోటీసు ఇస్తే మాత్రం ఆ దెబ్బ నుంచి చాలామంది పెద్దవాళ్లు తేరుకోరు.

జబ్బు ముదిరాక చట్టపరంగా ఒక గోడ అడ్డం వస్తుంది, ఇది తెలియక ఎన్నో కుటుంబాలు చిక్కుకుంటున్నాయి. తండ్రి కొడుక్కి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ, తండ్రికి తెలివి తప్పిన రోజున చెల్లకుండా పోతుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ చెప్పేది అదే. మతి పోయాక కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీ కొన్ని దేశాల్లో ఉంది, మన దగ్గర లేదు. అంటే ఎప్పుడు అవసరమో అప్పుడే ఆ కాగితం పనికిరాదు. డిపాజిట్ డబ్బు తీయాలన్నా, ఇల్లు అద్దె ఒప్పందం మార్చాలన్నా సంరక్షకుడిగా నియమించమని కోర్టుకెళ్లాల్సి వస్తుంది. తెలివి బాగున్నప్పుడే బ్యాంకు ఖాతాలను ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్చుకోవడం, హోం ఒప్పందంలో పిల్లల్లో ఒకరిని రెండో పక్షంగా చేర్చడం మంచిది. ఆఖరి దశలో ఎలాంటి వైద్యం వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్ (2018లో సుప్రీంకోర్టు అనుమతించి 2023లో పద్ధతి సులువు చేసింది) కూడా అప్పుడే రాసుకోవాలి. ఆఖరి రోజుల్లో ఐసీయూకి తీసుకెళ్లొద్దని పెద్దాయన కోరుకుంటే, ఆ కోరిక మన్నించి అక్కడే నొప్పి లేకుండా చూసుకోగలరా అని హోంను అడగడం అపశకునమేమీ కాదు.

మతిమరుపులో తరచుగా ముందు చెదిరేవి తర్వాత నేర్చుకున్న భాషలు. చిన్ననాటి భాష చాలామందికి ఎక్కువ కాలం మిగులుతుంది. ముప్ఫై ఏళ్లు ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేసినవారు కూడా "దాహం" అనే అనొచ్చు. ఈ ఒక్క కారణం చాలు, చోటు ఎంచుకునేటప్పుడు భాషను గది కంటే ముందు చూడటానికి. రిటైర్మెంట్ ఇళ్లకు పేరుపడ్డ కోయంబత్తూరులో వాతావరణం బాగుంటుంది, అనుభవమున్న సంస్థలున్నాయి. కానీ తెలుగు తప్ప రాని మనిషికి అర్ధరాత్రి నొప్పి ఎక్కడో చెప్పుకోవడం కష్టం. హైదరాబాద్‌లోనైనా కేర్‌టేకర్లు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లయితే అదే సమస్య. అమెరికాలో పిల్లల దగ్గర గ్రీన్‌కార్డుతో ఉంటున్న తల్లిదండ్రుల పరిస్థితి మరీ చిక్కు. అక్కడి అసిస్టెడ్ లివింగ్ మధ్యస్థ ధర 2024లో నెలకు దాదాపు 5,900 డాలర్లు. అక్కడి ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఆ ఖర్చు భరించదు, పైగా కొత్తగా వలస వచ్చిన పెద్దవాళ్లు మెడికేర్ కొనుక్కోవాలన్నా ఐదేళ్లు ఆగాలి. ముద్దపప్పూ ఆవకాయా అటుంచి, తెలుగులో పలకరించే ఒక్క గొంతు లేని చోట పగలంతా గడపాలి. అందుకే అక్కడి నుంచి ఇక్కడికి తిరిగొచ్చి హోంలో చేరాలనుకునే పెద్దవాళ్లను తప్పుపట్టలేం.

చూడటానికి వెళ్లేటప్పుడు

ఆదివారం మధ్యాహ్నం, చెప్పకుండా వెళ్లాలి. మేనేజరు సెలవులో ఉంటారు, ఉన్న మనుషులెందరో కనపడతారు. ముక్కుకు మూత్రం వాసన తగులుతుందా, లేక దాన్ని కప్పే ఘాటైన ఫినాయిల్ వాసనా అన్నది లోపలికి అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. భోజనాల వేళ ఒకరికి తినిపించడానికి ఎంతసేపు కూర్చుంటున్నారో చూడాలి. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద పెడుతుంటే పొరపోతుంది, ఆ అన్నం ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా అవుతుంది. గదిలోకి వెళ్లేముందు ఆయా తలుపు తట్టిందా? పెద్దామెను పేరు పెట్టి, లేదా "అమ్మమ్మగారూ" అని పిలిచిందా, లేక "పన్నెండో బెడ్" అందా?

చేర్చడానికి ముందు నెలరోజులు ఉండి చూసే వీలు చాలా చోట్ల ఉంది. ఆ నెల కూడా పెద్దవాళ్లు ఒప్పుకున్నాకే మొదలవ్వాలి. ఊరి నుంచి "చెకప్‌కి" అని తీసుకొచ్చి దించిపోవడం ఇప్పటికీ జరుగుతోంది. అలా చేరినవారు నెలల తరబడి గేటు వైపు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. సొంత మంచమో, పాత రేడియోనో, పూజ పెట్టెలోని విగ్రహాలో వెంట తీసుకెళ్లనివ్వాలి. నెల తిరిగాక పిల్లలు పక్కన లేకుండా, వాళ్లు నమ్మే ఒక స్నేహితుడో చెల్లెలో వెళ్లి అడగాలి. పొద్దున్నే నీ ఇష్టం వచ్చినప్పుడు లేస్తున్నావా, స్నానానికి నీళ్లు వేడిగా ఉంటున్నాయా, రాత్రి బెల్లు నొక్కావా, నొక్కితే ఎంతసేపటికి వచ్చారు?